ఇంజను మీది ఇత్తడి పలక

"మరి నంబరు పలక ఏది?" అని అడిగారు బరంపురం నుంచి వచ్చిన మ్యూజియం ఆఫీసరు.

మూతబడిన చక్కెర మిల్లు యార్డులో ఎండ మాడ్చేస్తోంది. హైమ తాత కూర్మయ్య పట్టాల మీది పాత ఆవిరి ఇంజను దగ్గరికి వెళ్లి తడిమి చూశాడు. ముప్పై ఏళ్లు ఆ ఇంజను నడిపి మిల్లుకు చెరుకు చేరవేసినవాడు. మిల్లు పోయినా, ఏటా విశ్వకర్మ పూజకు ఆ ఇత్తడి పలకను చింతపండుతో తోమి బొట్టు పెట్టేవాడు. ఇప్పుడక్కడ నాలుగు బెజ్జాలే ఉన్నాయి.

"పాత కాగితాల్లో ఉన్నది ఈ ఇంజనే అని ఆ నంబరే చెప్పాలి. వారంలో దొరికితే మ్యూజియంకు తీసుకెళ్తాం. లేకపోతే తుక్కు కిందే లెక్క" అని ఆఫీసరు వెళ్లిపోయారు.

హైమ తాత వెనక్కి నక్కింది. వేలాడుతున్న పలకను పది రోజుల క్రితం ఊడబెరికింది తనే. పాత సామాన్లవాడికిచ్చి పుల్ల ఐసు తిన్నదీ తనే. పదేళ్ల పిల్లకు ఐసు ముందు పలక విలువ ఏం తెలుస్తుంది, పాపం! కానీ తెలిశాక కూడా నోరు పెగల్లేదు.

తాత కాపలాదారు పైడన్న వైపు తిరిగాడు. పైడన్న ఒకప్పుడు అదే ఇంజనులో బొగ్గు వేసినవాడు, తాతకు ప్రాణస్నేహితుడు.

"గేటు తాళం నీ కాడే కదా. పలకేటైనాది, సెప్పు!"

"నేను సూడలేదు కూర్మయ్యా. ఒట్టు!"

"నీ ఒట్టు నాకొద్దు. ఇక నా గుమ్మం తొక్కకు."

సాయంత్రానికల్లా మిల్లు క్వార్టర్లన్నీ పైడన్నను దొంగ అన్నాయి. రోజూ టీకి వచ్చే మనిషి తలొంచుకుని వీధి దాటిపోయేవాడు. తాతకు అన్నం సహించేది కాదు. రేపు చెబుతా, రేపు చెబుతా అనుకుంటూనే హైమ వారం గడిపేసింది.

ఎనిమిదో రోజు గ్యాస్ కట్టర్లు వచ్చాయి. బాయిలరు రెండు ముక్కలై పడింది. తాత గేటు దగ్గర కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. దగ్గరికి రాలేక పైడన్న దూరంగా నిలబడ్డాడు.

హైమ ఇక తట్టుకోలేకపోయింది. పరుగున వెళ్లి పైడన్నను చెయ్యి పట్టి లాక్కొచ్చింది.

"ఈ తాత తియ్యలేదు. నేనే తీసినాను. ఐసుకిచ్చేసినాను!"

తాత గేటు పట్టుకుని లేచాడు.

"ఆ సామాన్లోడు పక్కూరు సికిటిలోనే ఉంటాడు కదే. ఆ రోజే సెప్పుంటే ఎల్లి తెచ్చుకుందుం."

తాత పైడన్న చెయ్యి అందుకోబోయాడు. పైడన్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇంజను పోతే పోయింది కూర్మయ్యా. నన్ను దొంగని నువ్వే అన్నావు" అని వెళ్లిపోయాడు.

హైమ ఇంటికి వెళ్లలేదు. నేరుగా క్వార్టర్లకు వెళ్లి మొదటి తలుపు కొట్టింది.

"పలక తీసింది పైడన్న తాత కాదండీ. నేను."

మొదటి ఇంట్లో తల దించుకునే చెప్పింది. మూడో ఇంట్లో తిట్టారు. పదో ఇంటికి ఏడుపు ఆగలేదు. కళ్లు తుడుచుకుని పదకొండో తలుపు కొట్టింది.