అత్తగారి కట్టలు, కోడలి వరుస

ఆ ఇంట్లో పొద్దున్నపూట ఎవరూ గడియారం చూడరు. ముందుగదిలో అత్తగారు పియానో ముందు కూర్చుని వేళ్ళు సాగే పాఠం మొదలుపెడితే టీ పెట్టాలని అర్థం. అది హుషారు పాటలోకి దిగితే కొడుకు స్నానానికి పరుగెత్తాలి. అన్నిటికన్నా చివర నెమ్మదిపాట వినిపిస్తే కోడలు చెప్పులు వేసుకుని బస్సుకి బయల్దేరాలి. అలాంటిది ఆవేళ టీ మరిగి మరిగి చేదెక్కినా ముందుగదిలోంచి చిన్న చప్పుడైనా రాలేదు.

“అమ్మ లేవలేదా?” నోటి నిండా నురగతో అడిగాడు కొడుకు.

“లేచారు. పేపరు పట్టుకుని కూర్చున్నారు.”

“పేపరా? అక్షరాలు అలుక్కుపోతున్నాయని ఎప్పుడో మానేసిందిగా!”

కోడలికి కాస్త గాభరా పుట్టింది. టీ కప్పు తీసుకుని వెళ్ళింది. పియానో మూత వేసి ఉంది. మూత మీద తను కొన్న టాబ్లెట్, వచ్చిన డబ్బాలోకే తిరిగి వెళ్ళిపోయి ఉంది. ఛార్జర్ వైరు కూడా కుదురుగా చుట్టి పెట్టారు.

అత్తగారు డాన్సుస్కూల్లో పియానో వాయిస్తారు. జుట్టు నల్లగా ఉన్నప్పటినుంచీ అదే పని, అదే స్టూలు. ఈమధ్య చూపు మసకేసింది. అద్దాలు మార్చినా లాభం లేదని, అక్షరాలే పెద్దవి చేసుకోవాలని కళ్ళ డాక్టరు చెప్పాడు. పాటల స్వరాలు రాసుండే నొటేషన్ కాగితాల్లోని ఆ చీమతలలంత గుర్తులు ఇక ఆవిడ కంటికి ఆనవు. టాబ్లెట్‌లోనైతే ఎంత కావాలంటే అంత పెద్దవవుతాయి. అది కుదిరితే వాయిస్తారు, కుదరకపోతే పియానో మూత పడుతుంది.

కోడలు ఊరుకునే మనిషి కాదు. లైబ్రరీలో పుస్తకాలకు వరుస కట్టే ఉద్యోగం ఆమెది. వరుస తప్పిన వస్తువు కంటపడితే చేతులు ఊరుకోవు. సెలవులన్నీ ధారపోసి ప్రతి కాగితాన్నీ ఫోటో తీసి, పాట కట్టినవారి పేరు, ఆ కింద పాట పేరు, అన్నీ అక్షరక్రమంలో ఎక్కించింది. పియానో మీది కాగితాలను అటకెక్కించింది. అంతా అయ్యాక అత్తగారు “బాగుందమ్మా” అన్నారు, ఉప్పు మరిచిన కూరను మెచ్చుకున్నట్టు. ఆ మాట కోడలి మనసులో ముల్లులా ఉండిపోయింది.

“ఏంటత్తయ్యా, ఇవాళ కూర్చోలేదు? ఒంట్లో బాగోలేదా?”

“ఒంటికేం, నిక్షేపంలా ఉంది. వాయించడం మానేశాను. స్కూలుకి కూడా చెప్పేశాను, ఇంకెవర్నైనా చూసుకోమని.”

కోడలు టీ కప్పు బల్ల మీద పెట్టేసింది. “అదేంటి? ఎందుకు?”

“నిన్న టీచరమ్మ, పిల్లలు కాళ్ళు చాచాలి, నెమ్మదిది ఒకటి అందుకోండి అంది. నీ పలక పైకి తోశాను, కిందకి తోశాను. అందులో ఒక్క పేరూ నాకు చుట్టం కాదు. ఇంట్లోవి చూడకుండా వాయిస్తాను గానీ, పిల్లల అడుగులకి అవి సరిపోవు. పిల్లలు ఒంటికాలి మీద నిలబడి నావంకే చూస్తున్నారు. ఆఖరికి ఆవిడ ఫోన్లో పాట పెట్టింది. పాపం, నన్ను ఒక్క మాటనలేదు. తిట్టినా బాగుండేది.”

“వెతకడం నేర్పించాను కదండీ! నేను ఇంత కష్టపడితే ఒక్కసారి మనసారా మెచ్చుకోలేదు. ఇప్పుడు తప్పంతా నాదా?”

“తప్పని నేనన్నానా? నా వస్తువులు నన్నో మాట అడక్కుండా సర్దేశావు. కాగితాలతో పాటు నన్నూ అటకెక్కించావు.”

“చదవలేని కాగితాలు ఎందుకని…”

“చదవలేనని నీకు తెలుసు. నాకు తెలీదనుకున్నావా?”

తువ్వాలు భుజాన వేసుకుని కొడుకు గుమ్మం దాకా వచ్చాడు. ఇలాంటి సమయాల్లో మగవాడికి స్నానాలగదిని మించిన దిక్కు లేదని అనుభవం మీద తెలిసినవాడు గనుక, వచ్చినంత మెల్లగానూ వెనక్కి జారుకున్నాడు.

కోడలు గొంతు తగ్గించింది. “అది కాదత్తయ్యా. పేరులో మొదటి అక్షరం నొక్కితే చాలు, దొరుకుతుంది.”

“ఏ పేరు?”

“పాట పేరే.”

“నాకు పాటల పేర్లు తెలిస్తే కదే అమ్మాయ్!”

కోడలు డబ్బాలోని టాబ్లెట్ వంక చూసింది.

“ఏవో నోరు తిరగని పేర్లు. ఎవరు చదివారు?” అన్నారు అత్తగారు. “పియానో మీద, ఇంట్లోనైనా స్కూల్లోనైనా, కుడివైపుది గెంతుల కట్ట. దాని పక్కది కాళ్ళు చాచేది. ఎడమవైపుది గిరగిరా తిరిగేది. చూడక్కర్లేదు, చెయ్యి వేస్తే దొరికేది.”

కోడలికి ఆ రోజు గుర్తొచ్చింది. దుమ్ము దులుపుతూ, ఆ కట్టలన్నీ తనే ఒక్క కుప్పగా కలిపేసింది. లైబ్రరీలో తను సర్దిన అలమరాని ఎవరైనా చెప్పకుండా కదిపితే అంతెత్తున లేస్తుంది. ఇక్కడ తను చేసిందేమిటి? ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట అడిగి ఉంటే! ఆమెకు సిగ్గేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“నేనే అడగాల్సింది అత్తయ్యా,” అంది.

అత్తగారు చేతిలో పేపరు మడిచి పక్కన పెట్టారు.

కోడలు లైబ్రరీకి ఫోన్ చేసి సెలవు చెప్పింది. డబ్బాలోంచి టాబ్లెట్ తీసి, పియానో మూత ఎత్తి, అత్తగారిని స్టూలు మీద కూర్చోబెట్టి, ఆవిడ పక్కనే ఇరుక్కుని కూర్చుంది. “నేను ఒక్కోటీ పెద్దది చేసి చూపిస్తాను. మీరు కాస్త వాయించి, ఏ కట్టో చెప్పండి.”

మొదట్లో అత్తగారు ముక్తసరిగా చెప్పారు. గెంతులు. తిరగడం. మళ్ళీ గెంతులు. పోనుపోనూ వేళ్ళతో పాటు నోరూ కదిలింది.

“ఇది మీ మామగారికి గిట్టనిది.”

“గిట్టనిది ఎందుకు వాయించేవారు?”

“మేం మాట్లాడుకోని రోజుల్లో నాకు అదే నోరు.”

కోడలు పక్కున నవ్వింది. ‘మామగారికి గిట్టనిది’ అని పెద్ద అక్షరాలతో పేరు పెట్టింది.

“ఇది మీ ఆయనకి పళ్ళొచ్చేటప్పుడు ఏడుపు మాన్పించింది. ఎంత వాయించినా మళ్ళీ మొదలెట్టేవాడు, మొండిఘటం.”

“నాకు వినిపిస్తోంది!” లోపల్నుంచి అరిచాడు కొడుకు.

‘మొండిఘటం’ అన్న పేరు కూడా చేరింది.

ఇంకాసేపటికి ఒక నెమ్మదిపాట వచ్చింది. అత్తగారు దాన్ని మధ్యలో ఆపలేదు. చివరిదాకా వాయించి చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు.

“ఇది రోజూ చివర్లో వాయించేది కదా! దీనికేం పెట్టను? కాళ్ళు చాచేదా?”

“కాదు. అది ‘అమ్మాయి చెప్పులు’.”

“ఎవరి చెప్పులు?”

“నీవే. పెళ్ళికి ముందు మొదటిసారి మా ఇంటికొచ్చావే, అప్పుడు. బెల్లు కొట్టకుండా బయటే నిలబడిపోయావు. నేలదాకా ఉన్న ఈ కిటికీ కర్టెన్ కిందనుంచి నీ చెప్పులు కనిపించాయి. పాట మధ్యలో ఆపడం ఇష్టంలేక ఆగావని తెలిసింది. అందుకే అయిపోయాక మళ్ళీ మొదటినుంచి వాయించాను. నువ్వు రెండోసారీ ఆగావు. ఈ పిల్ల మా ఇంటికి రావాలని అప్పుడే అనుకున్నాను.”

కోడలు టాబ్లెట్ మీదికి వంగింది. అక్షరాలు ఆమె కంటికీ అలుక్కుపోతున్నాయి. ఎలాగో ఆ రెండు మాటలూ కొట్టింది.

“సరే, ఆ ఫోన్ ఇలా ఇయ్యి,” అన్నారు అత్తగారు, కొంగుతో కోడలి చెంప తుడుస్తూ. “వేరేవాళ్ళని వెతకొద్దని టీచరమ్మకి చెప్పాలి.”

మర్నాడు టీ వేళకే మరిగింది, కొడుకు వేళకే స్నానానికి పరుగెత్తాడు. నెమ్మదిపాట మొదలయ్యేసరికి కోడలు చెప్పులు వేసుకుంది. గుమ్మం దాటి, కిటికీ పక్కన, కర్టెన్ కిందనుంచి పాదాలు కనిపించేలా నిలబడింది. లోపల పాట అయిపోయింది. ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదటినుంచి మొదలైంది.

ఆ రోజు కోడలికి బస్సు తప్పిపోయింది.