నలభై కిందకు దిగిన లయ

ఆదివారం... అమావాస్య... మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు!

దయ్యాలు అర్ధరాత్రే తిరుగుతాయని ఎవరన్నారో గానీ, వాళ్లు వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నం ములకలపల్లి అడవిలో అడుగుపెట్టి ఉండరు. ఆకు కదలడం లేదు. పిట్ట పలకడం లేదు. కారుమబ్బులు కమ్ముకుని పట్టపగలే కటిక చీకటి అలుముకుంది. ఏ చెట్టు తొర్రలోంచో గుడ్లగూబ... పగటిపూట... కూసింది!

హేమ్లి ఆగలేదు. ముందు ఆమె కూతురు సోని నడుస్తోంది. రెప్ప వాల్చని కళ్లు... చెప్పుల్లేని కాళ్లు... తల్లి ఎంత పిలిచినా తిరగని తల!

పదిరోజుల కింద ఈ పిల్ల ఇట్లా లేదు. డిగ్రీ చదువుతూ కాలేజీలో కీబోర్డు నేర్చుకుంది. అడవి బంగళాలో అసలైన పియానో ఉందని, అక్కడుండే బలరాం మాస్టారు ఊరికే నేర్పుతాడని తెలిసి ఎగిరి గంతేసి చేరింది. ఊరికే ఎవడు ఏమిస్తాడమ్మా ఈ లోకంలో! ఆనాటి నుంచి పిల్ల నాడి రోజురోజుకూ పడిపోయింది. ఈ పొద్దున దవాఖానాలో నర్సమ్మ మణికట్టు పట్టుకుని బిత్తరపోయింది.

"నిమిషానికి ముప్పై రెండే కొట్టుకుంటుందక్కా! జల్దీ ఖమ్మం తీస్కపో" అన్నది.

బండి కోసం చూస్తుండగానే పదకొండు దాటింది. సోని దిగ్గున లేచి అడవి దారి పట్టింది. హేమ్లి వెనకే పరుగెత్తింది.

బంగళా తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి. గుగ్గిలం పొగ... పచ్చి నెత్తుటి వాసన... హాలు నడుమ నల్లని పియానో. దాని మీద కుంకుమ పూసిన కపాలం! కపాలం పక్కన లయ కొట్టే యంత్రం, మెట్రోనోమ్. మామూలుగా అది నిమిషానికి నలభై దెబ్బల కిందకు దిగదు. బలరాం దాని లోలకానికి మనిషి వేలి ఎముక కట్టి దించాడు. టిక్... టిక్...

సోని పోయి స్టూలు మీద కూర్చుంది. వేళ్లు పియానో మెట్ల మీదకు పాకాయి. గంభీరమైన మంద్రస్వరాలు నేలను వణికించాయి.

"వచ్చినవా హేమ్లీ! కండ్లార చూడు!" పియానో వెనక నుంచి బలరాం ముందుకొచ్చి వికటంగా నవ్వాడు. "లయ, శ్రుతి, భావం... మూడు కుదిరితే పాట. మూడు కట్టేస్తే ప్రాణం! శ్రుతి సి షార్ప్ మైనర్. నీ బిడ్డ మొదటిసారి ఈ పుర్రెను చూసి అరిచిన శ్రుతి! లయ అడాజియో, అంటే మెల్లగ. మొదటిరోజు అరవై ఆరు... ఇయ్యాల ముప్పై... పాట ఒడిసేటాళ్లకు సున్నా! వాయించేటోళ్ల గుండె ఆ లయనే కొట్టుకుంటది. ఆగంగనే నీ బిడ్డ మిగిలిన ఆయుష్షంతా నాది!"

"సారూ, నీ కాల్మొక్కుత! నా పానం తీస్కో, బిడ్డను ఇడిచిపెట్టు!"

"భావం ఏందో అడగవేమే? దుఃఖం! కారేపల్లి దిక్కు తండాల మీ ఆడోళ్ల చావేడుపు ఫోన్ల ఎక్కించుకొచ్చిన. ఆ రాగమే ఇందుల కలిపిన. ఇనుకో!"

హేమ్లి కూతుర్ని లాగబోయింది. కాళ్లు నేలకు అతుక్కుపోయాయి. అప్పుడే ఆ మంద్రస్వరాల నడుమ నుంచి ఒక రాగం లేచింది. హేమ్లి చెవులు రిక్కించింది.

అది చావేడుపు కాదు!

ఏళ్ల తర్వాత అయినవాళ్లు ఎదురుపడితే వాళ్ల తండాలో ఆడవాళ్లు మెడలు చుట్టుకుని రాగం తీసి ఏడుస్తారు. అది కలయిక ఏడుపు. ఎవరైనా ఎత్తుకుంటే అవతలివాళ్లు బదులు ఏడవాలి. ఏడుపు తీరేదాకా మెడ చుట్టూ వేసిన చెయ్యి తియ్యకూడదు. ఇరవై ఏళ్లు అడవిలో ఉండి మంత్రాలన్నీ నేర్చాడు గానీ, ఆ దుర్మార్గుడు ఒక్క ముసలమ్మనైనా ఇదేమిటని అడిగిన పాపాన పోలేదు.

మరి ఈ పాట ఎవరిని పిలుస్తోంది? హేమ్లి చూపు కపాలం మీద పడింది. సగం విరిగిన ముందుపన్ను... రేగుచెట్టు మీంచి పడి విరగ్గొట్టుకున్న పన్ను!

"చాందీ!"

హేమ్లి చెల్లెలు. పన్నెండేళ్ల కింద ఈ బంగళాలో పనికి వచ్చి మళ్లీ రాలేదు. లారీ డ్రైవరుతో లేచిపోయిందన్నారు ఊళ్లోవాళ్లు. హేమ్లి కూడా నమ్మింది. నోరారా తిట్టింది. ఆ తర్వాత చెల్లెలి పేరు ఎత్తడమే మానేసింది. ఆ పాపమంతా ఇప్పుడు గొంతులోంచి బద్దలై వచ్చింది.

"ఓ చాందీ... నా చెల్లీ... గింత దగ్గరనే ఉన్నవానే... నీ తొవ్వ చూడకపోతినే... నిన్ను తిడితినే తల్లీ..."

ఫెళఫెళమని పిడుగు! కపాలం దవడలు కదిలాయి. అదే శ్రుతిలో, అదే రాగంలో... బదులు ఏడుపు! సోని కెవ్వున అరిచి స్టూలు మీంచి కిందపడింది. పియానో మూగబోయింది.

"ఆపొద్దు!" బలరాం ముఖం పాలిపోయింది. "నడుమ ఆగితే నన్నే మింగుతది!"

ఒక్క ఉరుకున స్టూలెక్కి తానే వాయించసాగాడు. వేళ్లు మెట్లకు అంటుకుపోయాయి. వాయించేవాడి గుండె ఇప్పుడు తనదే! లయ పెంచబోయాడు... వెనక నుంచి రెండు చల్లని చేతులు మెడను చుట్టుకున్నాయి. ఇరవై... పదిహేను... తొమ్మిది...

"హేమ్లక్కా! దీన్ని... ఇడువమను... నీ కాల్మొక్కుత!"

"ఏడుపు తీరందే మావోళ్లు చెయ్యి తియ్యరు సారూ," అన్నది హేమ్లి కన్నీళ్లతోనే. "పన్నెండేండ్ల ఏడుపు."

టిక్... ... ... టిక్...

ఆ తర్వాతి టిక్ వినబడలేదు. బలరాం తల మెట్ల మీద వాలింది. స్వరాలన్నీ ఒక్కసారిగా ఘోషించి ఆగిపోయాయి.

హేమ్లి కూతురి మణికట్టు పట్టుకుంది. ముప్పై రెండు కాదు, లెక్కకందనంత వేగంగా కొట్టుకుంటోంది.

"అమ్మా... ఏమైందే?"

"లే బిడ్డా, ఇంటికి పోదాం."

కపాలానికున్న కుంకుమను కొంగుతో తుడిచి, ఆ కొంగులోనే మూటకట్టి గుండెకు హత్తుకుంది. రోడ్డెక్కేసరికి వాన మొదలైంది. తండా వైపు పోయే ఆటో ఆగింది.

"ఎందరక్కా?" అన్నాడు డ్రైవరు.

"ముగ్గురం," అన్నది హేమ్లి.