వెనక వరసలో పై పాట

మా మామయ్యను అందరూ ‘సుత్తి’ అంటారు. వేలంపాటలో బల్ల మీద చెక్క సుత్తి కొట్టేది ఆయనే, అదొక కారణం. రెండోది, ఆయన నోరు తెరిస్తే ఎదుటివాళ్ళు గోడ గడియారం వంక చూడాల్సిందే. పాత నాణేలు, పతకాలు వేలం వెయ్యడం ఆయన పని. వాటిని తుడిచి, పళ్ళెంలో సర్ది, పాటకి ముందు వచ్చినవాళ్ళకి చూపించడం నా పని. “బయట చెల్లని కాసుకే మన దగ్గర గిరాకీ అమ్మాయ్,” అంటాడు ప్రతిసారీ. ప్రతిసారీ తనే నవ్వుతాడు.

ఆ రోజు పొద్దుటి నుంచీ ముసురు. మూడో అంతస్తులో అద్దెకు తీసుకున్న హాలు. తడిసిన గొడుగుల వాసన, దుమ్ము పట్టిన తివాచీ వాసన. వానకి జనం పల్చబడి వెనక వరసలన్నీ ఖాళీగా ఉన్నాయి. ముందు మాత్రం మా పాతకాపులు కూర్చున్నారు. భూతద్దం లేనిదే మొగుడి మొహం కూడా చూడని రిటైర్డ్ టీచరమ్మ, ప్రతి నాణేన్నీ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసే బట్టల కొట్టాయన, ఇంకొందరు.

పళ్ళెంలో ఒక వెండి పతకం నన్ను ఉదయం నుంచీ చికాకు పెడుతోంది. నీళ్ళలో పడ్డవాళ్ళని కాపాడినందుకు ఇచ్చే పతకం అది. అలల్లోంచి ఒక మనిషి ఇంకొకరిని చెయ్యి పట్టి లాగుతున్నట్టు దాని మీద బొమ్మ. అందుకున్నాయన పోయాక కూతురు తెచ్చి ఇచ్చింది. “నాన్న దీన్ని ఒక్కసారి కూడా పెట్టుకోలేదు. చూపించమంటే పెట్టె మూసేసేవాడు,” అని మాత్రం చెప్పింది. దాని నీలం రిబ్బను తడిగా ఉంది. పొడిగుడ్డతో అద్దాను. కాసేపటికి మళ్ళీ తడి. సబ్బుతో కడుక్కున్నా నా వేళ్ళకి పాచి వాసన వదల్లేదు.

ఇంతలో కొత్త మనిషొకాయన వచ్చి ఆ పతకం ఒక్కటే చూపించమన్నాడు. పళ్ళ డాక్టరట. జుట్టు నెరుస్తోంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని బొమ్మని బొటనవేలితో తడిమాడు.

“ఇది ఆయనకి నా వల్లే వచ్చిందండీ,” అన్నాడు. “ఆయన లాగింది నన్నే.”

“అయితే మీ దగ్గరికే రావాలి సార్,” అన్నాను. నిజంగానే అలా అనిపించింది.

పతకం వంతు వచ్చేసరికి మబ్బు బాగా కమ్మింది. పట్టపగలే హాల్లో దీపాలు వేశారు. మామయ్య మొదటి ధర చెప్పాడు. డాక్టరు చెయ్యెత్తాడు. ఇంకెవరూ కదల్లేదు. ఇట్టే తేలిపోతుందనుకున్నాను.

“ఒకటోసారి... రెండోసారి...” మామయ్య సుత్తి ఎత్తి ఆగాడు. “వెనక వరసలో పై పాట.”

డాక్టరు పెంచాడు. మామయ్య చూపు మళ్ళీ అందరి తలల మీదుగా వెళ్ళింది.

“వెనక వరస. పై పాట.”

నేను ఆయన పక్కనే నిలబడి ఉన్నాను. వెనక ఖాళీ కుర్చీలు తప్ప ఏమీ లేవు. పరాచికాలాడుతున్నాడా అనుకున్నాను. కానీ ఎన్ని కబుర్లు చెప్పినా, పాట దగ్గర మాత్రం ఆయన వేళాకోళం చెయ్యడు. పైగా నుదుటి నిండా చెమట.

డాక్టరు... వెనక వరస. డాక్టరు... వెనక వరస. పాట ఎక్కడికో పోయింది. బయట వాన ఆగింది. నీళ్ళ చప్పుడు మాత్రం ఆగలేదు. గదిలోనే... ఎవరో అరచేతులతో నీళ్ళని కొడుతున్నట్టు.

డాక్టరు వెనక్కి తిరిగాడు. “ఎవరండీ పాడేది? అక్కడెవరూ లేరే!”

ఎవరో నవ్వారు. టీచరమ్మ నవ్వలేదు.

“ఎవరో పిల్లాడు,” అన్నాడు మామయ్య. “కుర్చీ వెనక నుంచి చెయ్యొక్కటే కనపడుతోంది. పసుపు చొక్కా. ఎత్తుతున్నాడు... దించుతున్నాడు... మళ్ళీ ఎత్తుతున్నాడు...”

సుత్తి చేతిలోంచి జారిపోయింది. ఆయన నా చెవి దగ్గరికి వంగాడు.

“అమ్మాయ్... వాడు పాట పాడట్లేదే. మునిగిపోతున్నాడు.”

పసుపు చొక్కా అన్న మాట వినగానే డాక్టరు లేచాడు. కుర్చీలు తోసుకుంటూ వెనక్కి నడిచాడు. నేను వెంటపడ్డాను.

“చిన్నప్పుడు ఇద్దరం నీళ్ళలో పడ్డామండీ,” నా వైపు చూడకుండానే గొణిగాడు. “ఆయనకి నేనొక్కణ్ణే కనపడ్డాను. ఒడ్డున పడుకోబెట్టారు. జనం చప్పట్లు కొట్టారు, ఆయన్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. నాకు గొంతు నిండా నీళ్ళు. తమ్ముడు ఇంకా లోపలే ఉన్నాడని చెబుదామంటే మాట రాలేదు. మాట వచ్చేసరికి...”

చివరి వరస దగ్గర తివాచీ మా కాళ్ళ కింద చితచితలాడింది. పాచి వాసన గుప్పుమంది. ఆయన ఖాళీ కుర్చీ మీదికి వంగి చెయ్యి చాచాడు.

“చిన్నా... ఇదిగో రా. పట్టుకో.”

వద్దనబోయాను.

ఆయన చెయ్యి ఒక్క గుంజుతో కిందికి పోయింది. తర్వాత భుజం... తల... మొహంలో భయం లేదు. సంతోషం. “దొరికాడు,” అన్నాడు. ఆ మాటతోపాటే నోట్లోంచి నీళ్ళు. ఆకుపచ్చటి నీళ్ళు... ఆగలేదు...

నడుం పట్టుకుని లాగాను. మామయ్య పరుగెత్తుకొచ్చి తనూ పట్టుకున్నాడు. కదల్లేదు. అది ఒక్క మనిషి బరువు కాదు. పళ్ళు బిగించి, ఉన్న బలమంతా పెట్టి లాగాం. మొక్క వేళ్ళతో సహా ఊడొచ్చినట్టు ఏదో ఊడింది. ముగ్గురం వెల్లకిలా పడ్డాం.

డాక్టరు బతికాడు. ఆసుపత్రిలో ఊపిరితిత్తుల్లోంచి నీళ్ళు తీశారు. ఎక్కడ పడ్డాడని అడిగారు. మూడో అంతస్తులో, కుర్చీల మధ్య అంటే నర్సు నన్ను ఎగాదిగా చూసింది. మామయ్య ఆ పతకాన్ని వేలంలోంచి తీసేసి, దాన్ని తెచ్చినామెతో మాట్లాడి, ఊరికే డాక్టరుకి ఇచ్చేలా ఒప్పించాడు. తను మళ్ళీ సుత్తి పట్టలేదు. వీధిలో ఆటో ఆపడానికి ఎవరైనా చెయ్యెత్తినా మొహం తిప్పేసుకుంటాడు. కబుర్లు కూడా తగ్గిపోయాయి. అదే నాకు ఎక్కువ బాధ.

డాక్టరు ఇంటికొచ్చాడని తెలిసి, ఫెళ్ళున ఎండ కాస్తున్న ఒక మధ్యాహ్నం పతకం ఇవ్వడానికి వెళ్ళాను. ఆయన భార్య తలుపు తీసింది. ఆయన మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. పదేళ్ళు వయసు తగ్గినట్టున్నాడు. పక్కన స్నానాల గదిలో కొళాయి పారుతోంది.

“మీ మేలు మరిచిపోలేనండీ,” అన్నాడు. “ఆ రోజు మీరు అంత గట్టిగా లాగకపోతే మేమిద్దరం బయటపడేవాళ్ళం కాదు.”

ఏదో మాట తడబాటనుకుని నవ్వి లేచాను. ఆయన భార్య గుమ్మం దాకా వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆమె వేళ్ళు మంచులా ఉన్నాయి.

“నిజం చెప్పమ్మా,” అంది గుసగుసగా. “ఆ రోజు మీరు లాగింది ఆయన్ని ఒక్కరినేనా?”

“అవునండీ.”

ఆమె స్నానాల గది వైపు చూసింది.

“ఈ ఇంట్లో మేమిద్దరమే ఉంటాం. ఆ తలుపుకి నిన్నటి నుంచి లోపల గడియ వేసుంది.”

లోపల కొళాయి ఆగింది.