ఆకుపచ్చ ఆకాశం కింద క్వారీ

కుప్పం దగ్గర ఆ పాత రాతి క్వారీ పక్కకు పొద్దుగుంకినాక ఎవరూ పోరు. మబ్బు పట్టిందంటే పగలైనా పోరు. వాన ముందర ఆ గుంత పైన ఆకాశం ఆకుపచ్చగా తిరుగుతుందనీ, మెరుపు ఊదారంగులో దిగుతుందనీ చెప్పుకుంటారు. తొంభై అయిదులో బండలు పేల్చేటప్పుడు మునస్వామి అనే కూలీ అందులో పడిపోయాడు. బండల కింద నుంచి దేహం కూడా తీయలేకపోయారు. అప్పటినుంచే ఆ రంగులని ఊళ్లో మాట.

ఆయన పెండ్లాం అక్కమ్మ ఆ మాట చెవిన పడితే లేచి లోపలికి వెళ్లిపోయేది.

తొంభై ఎనిమిది, మే నెల. ఒక సాయంత్రం ఉరుముకు బెదిరిన ఆమె సూడి ఆవు పలుపు తెంచుకుని క్వారీ దిక్కు పరుగెత్తింది. ఆమెకు బతుకంతా ఆ ఆవే. వెనకాలే పోయింది.

గట్టెక్కేసరికి గాలి ఆగిపోయింది. తలెత్తి చూసింది...

ఆకాశం ఆకుపచ్చగా ఉంది. పాచి పట్టిన నీళ్ల రంగు. ఆ వెలుతురులో తన చేతులే ఎవరివో అన్నట్టు కనిపించాయి. గుంత మీద ఊదారంగు మెరుపొకటి దిగింది. చప్పుడు లేదు.

అప్పుడు — గుంతలోంచి —

"అక్కమ్మా..."

వెనక్కు తిరిగితే ఇల్లు అర మైలే.

"అక్కమ్మా... ఈడికి రా."

మూడేండ్ల కింద ఆమెను ఆ గుంత దగ్గరికి పోనీయలేదు. చూసి తట్టుకోలేవని నలుగురు పట్టి ఆపేశారు. ఇప్పుడు ఆపేవాళ్లు లేరు. దిగింది.

అడుగున ఒక మనిషి. మునస్వామి కాదు. ఎవరో పెద్దాయన — తలకు దెబ్బ, కాలు రెండు బండల సందులో ఇరుక్కుని ఉంది. అప్పుడే నిమ్మకాయలంత వడగండ్లు మొదలైనాయి, వెనకే వాన. గుంతలోకి నీళ్లు చేరుతున్నాయి. ఆమె ఏడుస్తూనే రాయి పెకలించి, ఆయన్ను చంకల కింద పట్టి బండ చూరు కిందికి ఈడ్చింది. వాన తగ్గినాక ఆమె కేకలకు ఊరు కదిలొచ్చింది.

ఆవు అప్పటికే ఇంటి ముందర నిలబడి ఉంది.

బడి టీచరు నీరజ అందరికీ విడమరిచి చెప్పింది. వాలే పొద్దు వెలుతురు వడగండ్ల మబ్బులోంచి వస్తే ఆకాశం ఆకుపచ్చగా అవుపిస్తుందట. మెరుపుకు అడ్డం వానుంటే ఒక రంగు, దుమ్ముంటే ఇంకో రంగట. ఊరు నమ్మింది. అక్కమ్మ కూడా నమ్మింది.

మూడోనాడు ఆమె ఆసుపత్రికి పోయింది. ఆయన పేరు చెంగల్రాయుడు. పుంగనూరు నుంచి ఎద్దులు చూడడానికి వచ్చి, అడ్డదారిలో బస్సుకు పోతూ జారిపడ్డాడట.

"నా పేరు నీకెట్ల తెలుసప్పా? పిలిస్తివే..."

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"పిలిచింది నేను కాదమ్మా. అప్పుడు నాకు తెలివే లేదు. ఎవరో... భుజం తట్టి లేపినారు."

"ఎవరు?"

ఆయన గొంతు తగ్గించాడు.

"మొగం కనపల్లేదు. లేయప్పా... నా పెండ్లాం వస్తాండాది... అన్నాడు."