పైరెప్ప

చంద్రపూర్ ఎండల్లో మధ్యాహ్నం పూట కుక్క కూడా నీడ వదిలి రాదు. జకరయ్య ఇంట్లో ఉన్న ఒక్క కిటికీకీ కూలర్ అడ్డం పెట్టేశారు. తడిసిన గడ్డి వాసన, ఎడతెగని హోరు, పగలే మసక చీకటి. బొగ్గుగనిలో భూమి కింద బతుకంతా గడిపిన మనిషికి అదేమంత ఇబ్బంది కాదు.

శుక్లం ఆపరేషనై ఇంకా వారం తిరగలేదు. ఎడమకన్ను ఎప్పుడో గనిలో బొగ్గుపెళ్ల తగిలి పోయింది. మిగిలింది ఈ కుడికన్నే, అందులో కొత్తగా పెట్టిన అద్దమే. అందుకే మొండివాడని పేరున్న జకరయ్య కూడా డాక్టరు మాట జవదాటడం లేదు. వంగడు, తలకి పోసుకోడు, కన్ను నలపడు. పగలు నల్లద్దాలు, రాత్రి కంటి మీద ప్లాస్టిక్ డొప్ప.

మందు చుక్కలు వేసేది కోడలు జెస్లిన్. కొడుకు ప్రిన్స్ కరెంటు ప్లాంటు డ్యూటీకి పోతే ఇంట్లో మిగిలేది మామా కోడళ్లే.

ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. కూలర్ ఆగేసరికి ఇల్లంతా చెవులు మూసుకున్నట్టయింది. నల్లద్దాలు తీసి, కళ్లు మూసుకుని పడుకున్నాడు జకరయ్య. అడుగుల చప్పుడు వినబడలేదు గానీ, మంచం పక్కన ఎవరో వంగినట్టు తెలిసింది. చల్లటి బొటనవేలు పైరెప్పని పట్టి మీదికి తిప్పింది. తడిగా ఏదో కంటిని రాసుకుంటూ పోయింది. కన్ను భగ్గుమంది.

"మెల్లగ బిడ్డా," అన్నాడు.

కాసేపటికి వీధి తలుపు తీసుకుని జెస్లిన్ లోపలికొచ్చింది.

"మామా, మందు ఏస్త, పండుకోండ్రి."

"ఇప్పుడే ఏసినవ్ గద."

"నేనా? నేను దుకాన్ల ఉన్న. గిప్పుడే వస్తున్న."

అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. అది జకరయ్య నెత్తినెక్కి కూర్చుంది. మొన్ననే కోడలు ఫోన్లో తల్లితో "ఇంకెన్ని దినాలు చెయ్యాల్నో" అనడం ఆయన చెవిన పడింది. ఈ పెళ్లి వద్దని తను అడ్డం పడ్డ సంగతి ఆమె మరిచిపోయి ఉంటుందా? మొహాన ఎప్పుడూ ఉండే ఆ నవ్వు నమ్మేదేనా? అన్నం కంచం ముందు పెడితే వాసన చూసి తిన్నాడు. మందుసీసా దిండు కింద దాచుకున్నాడు.

మర్నాడు మళ్లీ కరెంటు పోయింది. మళ్లీ అదే వేలు. ఈసారి ఇంకాస్త లోపలికి... ఏదో వెతుకుతున్నట్టు. జకరయ్య కేకేసి గభాలున కన్ను తెరిచాడు. గోడా, తలుపూ, వంటింట్లోంచి పరుగున వస్తున్న జెస్లిన్, అన్నీ నీళ్లలో ఉన్నట్టు రెండు రెండుగా కనిపించాయి.

"గిట్ల ముట్టి అట్ల ఉరుకుతవా? నా కన్ను తీద్దామనే చూస్తున్నవా?" అన్నాడు.

జెస్లిన్ మొహం తెల్లబోయింది. ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకుపోయింది.

డాక్టరు చాలాసేపు చూశాడు. "లోపలి అద్దం పక్కకి జరిగింది. కన్ను గట్టిగా నలిపారా? రేపు పొద్దున్నే సరిచేద్దాం. ఈలోగా ఇంకొంచెం జరిగిందంటే చూపు దక్కదు." కంటి మీద డొప్ప పెట్టి, నాలుగు పక్కలా టేపు అంటించి పంపాడు.

ఆటోలో జకరయ్య నోరు విప్పాడు. "మందేసేటప్పుడు రెప్ప ఎటు పడతవ్?"

"కిందిది గుంజుత. పైరెప్ప ముట్టనే వద్దని నర్సు చెప్పింది గద మామా."

ఆ ఎండలోనూ జకరయ్య ఒళ్లు చల్లబడింది. పైరెప్ప తిప్పేది గనిలో. కంట్లో బొగ్గు నలుసు పడితే జోడీగా పనిచేసేవాడు వచ్చి, బొటనవేలితో పైరెప్ప మీదికి తిప్పి, తడి తువ్వాలు కొనతో నలుసు తీస్తాడు. జకరయ్యకి ఎప్పుడూ తీసింది బాపురావే. నోట్లో పొగాకూ పోకచెక్కా కలిపిన ఖర్రా నములుతూనే తీసేవాడు. ఎంత చిన్న నలుసైనా బయటికొచ్చేదాకా వదిలేవాడు కాదు. గని పైకప్పు మీద పడి చనిపోయాడు పాపం. మట్టిచేసేటప్పుడు మొహం కూడా చూడనివ్వలేదు.

"తప్పైంది బిడ్డా," అన్నాడు. కోడలి వైపు మొహం తిప్పడానికి సిగ్గేసింది.

పొద్దుగూకే వేళ, ప్రిన్స్ డ్యూటీ నుంచి రాకముందే, మళ్లీ కరెంటు పోయింది.

"నా చేతులు పట్టుకో బిడ్డా. ఏమైనా గానీ, ఇడువకు."

జెస్లిన్ మంచం అంచున కూర్చుని ఆయన రెండు చేతుల్నీ తన రెండు చేతులతో పట్టుకుంది. గడ్డి వాసన మెల్లగా సన్నగిల్లింది. దాని చోటికి ఇంకో వాసన వచ్చింది. పొగాకు... పోకచెక్క... తడి బొగ్గు.

"మామా," గుసగుసగా అడిగింది. "మీరు ఖర్రా తిన్నరా?"

"లేదు బిడ్డా."

ఆమె పట్టు బిగిసింది.

"బాపురావ్," జకరయ్య చీకట్లోకి పిలిచాడు. "అది నలుసు కాదురా... అద్దం, నా చూపే అది. దాన్ని తియ్యకు."

టేపు ఒక మూల ఊడింది. చర్ర్... ఇంకో మూల. డొప్ప జారి గుండెల మీద పడింది. తడిగుడ్డ కొన చెంపకి తగిలింది.

"హలూ నకో," అంది చెవి పక్కన ఒక గొంతు, మరాఠీలో కదలొద్దని, ఎంతో ప్రేమగా.

జెస్లిన్ రెండు చేతులూ ఆయన చేతుల్లోనే ఉన్నాయి. పైరెప్ప మెల్లగా మీదికి లేచింది.