ఆరని కొవ్వొత్తి

సొలెన్ పరిగెడుతోంది.

కోట మెట్లు... చీకటి... వెనకాలే బూట్ల చప్పుడు!

"ఆగవే పిల్లా! నీ మంచికే చెబుతున్నా!"

ఎమెరిక్ బాబాయ్ గొంతు. చేతిలో అడవిపందుల్ని కొట్టే తుపాకీ. పావుగంట క్రితం దాంతోనే సొంత అన్నని కాల్చాడు!

ఎక్కడిదో చవక వైన్ ట్యాంకర్లలో తెప్పించి, తమ తోట వైనేనంటూ కోట బొమ్మ అంటించిన సీసాల్లో నింపుతున్నాడని నాన్న కనిపెట్టాడు. తెల్లారగానే పోలీసులకి చెబుతానన్నాడు. అది తమ్ముడి మొహం మీదే అన్నాడు, పిచ్చి నాన్న.

ఇంకా బతికే ఉన్నాడు... పైన కోట వంటగదిలో, రక్తం మడుగులో. ఎవర్నైనా పిలవాలి. ఊళ్లోకి ఒక్కటే దారి. దానికి అడ్డంగా బాబాయ్!

నడవాలో టూరిస్టుల కోసం పెట్టిన కొవ్వొత్తి లాంతరు ఒకటి లాక్కుంది. గాజు చల్లగా తగిలింది. మళ్లీ పరుగు.

కొండని తొలిచిన నేలమాళిగ. తొట్టెల్లో కొత్త ద్రాక్షరసం బుసబుసా పొంగుతోంది. కోతల నెలలో కొవ్వొత్తి లేకుండా ఇక్కడికి ఎవరూ దిగరు. పులిసే రసంలోంచి విషగాలి వస్తుంది. కంటికి కనబడదు, కిందే పేరుకుంటుంది. మంట ఆరిందా... పారిపోవాలి! ఆరేళ్లప్పుడు చెయ్యి పట్టుకుని ఆ సంగతి నేర్పింది బాబాయే.

సొలెన్ దిగలేదు. పీపాలు దించే తాడుకి లాంతరు కట్టి కిందికి వదిలింది. పై మెట్టు పక్కన పీపా చాటున నక్కింది.

ఎమెరిక్ వచ్చాడు. కిందికి తొంగిచూశాడు. వెలుగు నిలకడగా ఉంది.

"దొరికావే! గాలి ఆడే చోటే చూసుకున్నావా? నేను నేర్పిన పాఠమేగా!"

దిగుతున్నాడు. మూడు మెట్లు... ఏడు... పది...

'వద్దు బాబాయ్!' పెదాల దాకా వచ్చింది. నాన్న గుర్తొచ్చాడు. మింగేసింది.

కింద కాళ్లు తడబడ్డాయి. తుపాకీ రాతి మీద పడింది.

ఢాం!

గుండు కప్పుకి తగిలి సున్నం రాలింది. ఎమెరిక్ మోకాళ్ల మీద కూలాడు. చూపు మాత్రం లాంతరు మీదే!

"ఆరలేదే... ఇది... ఆరలేదే..."

ఊరి దారి ఖాళీ అయింది. సొలెన్ లేచింది. ఏడుపు ఆగట్లేదు.

"కోటలో కొవ్వొత్తులన్నీ పోయిన వారమే మార్చేశారు బాబాయ్... అది బ్యాటరీది!"