అద్దంతో పోట్లాడిన నల్లంచి

"మళ్ళీ తోకే వచ్చినాది" అన్నాడు మోహన్‌కృష్ణ, కెమెరాలో ఫోటోలు ఒక్కొక్కటే జరుపుతూ. "ఇది ఉడుత తోక. ఇది గోరింక తోక. ఇదేంది, తొండ తోకా? నిన్ను చూస్తానే అన్నీ అటు తిరుక్కుంటా ఉండాయి మే."

సాయిశ్రీ కెమెరా లాక్కుంది.

"అవి కదలకుండా ఉంటే ముఖాలే పడతాయి."

"కదలకుండా ఉండేవే కావాలంటే మా అంగడికి రా. ప్లాస్టిక్ చిలకలుండాయి. ఎన్ని ఫోటోలైనా తీసుకోవచ్చు."

సాయిశ్రీకి పదేళ్ళు. వాళ్ళది ఆత్మకూరు. ఎండాకాలం సెలవులకు ఉదయగిరిలో ఉన్న పెద్దమ్మ ఇంటికి వచ్చింది. మోహన్‌కృష్ణ పెద్దమ్మ కొడుకు. సాయిశ్రీ కంటే ఏడాది పెద్ద. ఆ ఒక్క ఏడాదికే పదేళ్ళ పెత్తనం చేస్తాడు.

వచ్చేటప్పుడు నాన్న తన పాత కెమెరా ఇచ్చాడు. దాన్ని ఆన్ చేస్తే ముందున్న గొట్టం 'జుయ్' మంటూ బయటికి వస్తుంది. ఆ చప్పుడుకే సగం పిట్టలు ఎగిరిపోతాయి. మిగతా సగం మోహన్ నవ్వుకు ఎగిరిపోతాయి.

పెద్దమ్మ ఇంటి వెనక దొడ్డి ఉంది. దొడ్డి చుట్టూ రాళ్ళు పేర్చి కట్టిన గోడ. గోడ అవతల కంపచెట్లు, వాటి వెనక ఎత్తుగా కొండ. తెల్లవారితే చాలు, దొడ్డి నిండా కిచకిచలే. ఏది ఎక్కడ అరుస్తుందో, ఎందుకు అరుస్తుందో తెలుసుకోవాలని సాయిశ్రీకి ఒకటే ఆత్రం. కానీ దగ్గరికి వెళ్ళేసరికి అక్కడ ఊగుతున్న కొమ్మ తప్ప ఏమీ ఉండదు.

మధ్యాహ్నం భోజనానికి పెదనాన్న వీరరాఘవులు వచ్చాడు. ఆయనకు బజారులో ఫ్యాన్సీ దుకాణం ఉంది. బండిని దొడ్డిలో నీడకు పెట్టి లోపలికి వస్తూ, ఆయన కూడా ఫోటోలు చూశాడు. నవ్వు ఆపుకున్నాడు.

"ముఖం కనపడే పిట్ట ఫోటో ఒక్కటి తియ్యి తల్లీ. పెద్దది చేయించి అంగట్లో తగిలిస్తాను. కింద నీ పేరు వేయిస్తాను" అన్నాడు.

"నిజంగానా పెదనాయనా?"

"నేనేమన్నా మోహన్‌గాడినా, ఉత్తమాటలు చెప్పేదానికి?"

ఆ మాటతో సాయిశ్రీకి అన్నం సహించలేదు. అంగడికి వచ్చిన వాళ్ళందరూ తన ఫోటో చూస్తారు. ఊరికి వెళ్ళేలోపు ఎలాగైనా ఒక ముఖం పట్టుకోవాలి.

అప్పుడే దొడ్డిలో ఏదో చప్పుడైంది. టక్. టక్ టక్.

సాయిశ్రీ తలుపు సందులోంచి చూసింది. పెదనాన్న బండి హ్యాండిల్ మీద నల్లటి చిన్న పిట్ట ఉంది. భుజం దగ్గర తెల్లటి మచ్చ, పైకెత్తిన తోక కింద ఇటుక రంగు. అది బండి అద్దాన్ని ముక్కుతో పొడుస్తోంది. కాస్త ఎగిరి, రెక్కలు విప్పి, మళ్ళీ పొడుస్తోంది.

"నల్లంచి అది" అంది వసంతకుమారి పెద్దమ్మ, మజ్జిగ పోస్తూ. "బండి పెడితే చాలు, వచ్చి ఆ అద్దం మీద వాల్తాది. తుడవలేక చస్తా ఉండాను."

సాయిశ్రీ కెమెరా ఆన్ చేసింది. గొట్టం 'జుయ్' మంది. పిట్ట ఎగిరిపోలేదు. ఒక అడుగు వేసింది. ఎగిరిపోలేదు. దానికి అద్దం తప్ప లోకం పట్టలేదు.

మొదటిసారి సాయిశ్రీ కెమెరాలో ఒక ముఖం పడింది. కొంచెం మసకగా ఉంది, అంతే.

ఇంకొకటి తీసేలోపు పెదనాన్న చెయ్యి కడుక్కుని వచ్చి బండి స్టార్ట్ చేశాడు. పిట్టా పోయింది, బండీ పోయింది.

"దానికి అద్దమంటే ఎందుకంత ఇష్టం?" అని అడిగింది సాయిశ్రీ.

"ఇది తెలీదా?" అన్నాడు మోహన్. "మా నాయన అంగడి వాకిట్లోనే నిలువుటద్దం ఎందుకు పెట్టినాడనుకున్నావు? క్లిప్పు పెట్టుకోని అద్దంలో చూసుకుంటే, అది తియ్యబుద్ధి కాదు. కొనుక్కోని పోతారు. అద్దం ఉంటే గిరాకీ దానంతట అదే వస్తాది. పిట్ట కూడా అంతే. దాని సోకు అది చూసుకుంటా ఉండాది."

సాయిశ్రీకి ఆ మాట బాగా నచ్చింది. "అయితే మనమే ఒక అద్దం పెడితే?"

మోహన్ కళ్ళు మెరిశాయి.

మర్నాడు పొద్దున్నే అంగట్లోంచి గులాబీ రంగు అంచున్న అద్దం ఒకటి వచ్చింది. దాన్ని రాతిగోడ మీద నిలబెట్టి, వెనక ఒక రాయి ఆనించారు. నీళ్ళ డ్రమ్ము చాటున కూర్చున్నారు.

ఎక్కువసేపు ఆగాల్సిన పని లేకపోయింది. నల్లంచి ఎక్కడినుంచో రివ్వున వచ్చి అద్దం ముందు వాలింది. తోక నిటారుగా లేపింది. రొమ్ము విరిచింది. అటూ ఇటూ గెంతింది. టక్ టక్ టక్.

"డాన్స్ చేస్తా ఉండాది" అని మోహన్ నోరు మూసుకుని నవ్వాడు.

సాయిశ్రీ తీస్తూనే ఉంది. ముఖం, కన్ను, ముక్కు, రెక్క మీది తెలుపు. అన్నీ పడుతున్నాయి. ఎండ ఎక్కువై పెద్దమ్మ కేకలేసేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు. మధ్యాహ్నం కిటికీలోంచి చూస్తే పిట్ట ఇంకా అద్దం దగ్గరే ఉంది. సాయంత్రం కూడా ఉంది.

"గిరాకీ అంటే ఇదీ" అన్నాడు మోహన్.

మరుసటి రోజు పొద్దున అద్దం తుడవడానికి సాయిశ్రీ గోడ దగ్గరికి వెళ్ళింది. అద్దం కింద రాతి మీద ఒక పచ్చటి మిడత పడి ఉంది. పక్కన ఎండిపోయిన గొంగళిపురుగు. ఇంకొంచెం అవతల రెక్క విరిగిన రెక్కలపురుగు. వాటి చుట్టూ చీమలు.

ఇవి ఇక్కడికి ఎలా వచ్చాయి? గోడ మీద మిగతా చోట్ల ఒక్క పురుగు కూడా లేదు. అద్దం ముందే ఉన్నాయి.

సాయిశ్రీ అక్కడే కూర్చుని నిన్నటి ఫోటోలు మొదటినుంచి చూడడం మొదలుపెట్టింది. ఒక ఫోటోలో పిట్ట ముక్కున పచ్చగా ఏదో ఉంది. పెద్దది చేసి చూసింది. మిడత. తర్వాతి ఫోటోలో ముక్కు తెరుచుకుని ఉంది, మిడత కింద పడుతోంది. ఆ తర్వాతి ఫోటోలో పిట్ట అద్దాన్ని పొడుస్తోంది.

"అన్నా, ఇటు రా. ఇది మిడతను తెచ్చి పారేస్తా ఉండాది."

"కడుపు నిండిపోయింటాది."

"నిండితే పట్టడం ఎందుకు? పట్టినాక తినకుండా ముక్కున పెట్టుకోని తిరగడం ఎందుకు?"

మోహన్ పెద్దగా ఆవులించాడు.

ఇద్దరూ మళ్ళీ డ్రమ్ము చాటున కూర్చున్నారు. ఈసారి సాయిశ్రీ కెమెరా ఎత్తలేదు. ఊరికే చూసింది.

నల్లంచి వచ్చి అద్దంతో ఆట మొదలుపెట్టింది. కొంచెం సేపటికి ఇంకో పిట్ట వచ్చింది. అదీ అంతే ఉంది, కానీ మట్టి రంగు. దాని ముక్కున పురుగు ఉంది. అది అద్దం వైపు చూడనైనా లేదు. గోడ కింది వరసలో రెండు రాళ్ళ మధ్యనున్న సందులోకి దూరింది.

లోపలినుంచి సన్నగా కీచుకీచుమని చప్పుడు వచ్చింది. మట్టి రంగు పిట్ట బయటికి వచ్చి ఎగిరిపోయింది. చప్పుడు ఆగలేదు. కాసేపటికి అది మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. లోపల అరుపులు అలాగే ఉన్నాయి.

"పిల్లలుండాయి" అన్నాడు మోహన్ గుసగుసగా. "అది అమ్మ."

"అయితే ఇది నాయన" అంది సాయిశ్రీ, అద్దం ముందున్న పిట్టను చూస్తూ. "మిడతను పిల్లల కోసమే తెచ్చినట్టుండాది. మరి ఇయ్యకుండా ఈ సోకు చూసుకునేదేంది?"

ఇద్దరూ ఇంట్లోకి పరుగెత్తారు. పెద్దమ్మ చింతపండు గింజలు తీస్తోంది. సాయిశ్రీ ఆయాసపడుతూ అంతా చెప్పింది.

పెద్దమ్మ విని మోహన్ వైపు చూసి నవ్వింది.

"సోకేంది? వీడు ఏడాది పిల్లోడప్పుడు ఏం చేసినాడో చెప్పనా?"

"వద్దమ్మా" అన్నాడు మోహన్.

"అంగట్లో నిలువుటద్దం ముందర కూర్చోబెట్టి బిస్కెట్ ఇచ్చినాను. అద్దంలో ఇంకో పిల్లోడు కనపడినాడు, వాడి చేతిలో కూడా బిస్కెట్ ఉండాది. వీడికి ఏమనిపించినాదో, వీడి బిస్కెట్ పారేసి వాణ్ణి చేత్తో కొట్టినాడు. వాడూ కొట్టినాడు. ఇంక చూడు, బజారంతా వినపడేట్టు ఏడుపు."

సాయిశ్రీ పకపకా నవ్వింది. మోహన్ చెవులు ఎర్రబడ్డాయి. ఉన్నట్టుండి సాయిశ్రీ నవ్వు ఆగిపోయింది.

"పెద్దమ్మా, అన్నకు అది తనే అని తెలీదా?"

"ఎట్ట తెలుస్తాది? ఎవరో వచ్చినారనుకున్నాడు."

సాయిశ్రీ కెమెరా తీసి చివరి ఫోటో పెద్దది చేసింది. ఎంతో ఇష్టపడి దాచుకున్న ఫోటో అది. పెదనాన్నకు ఇవ్వాలనుకున్నదీ అదే. ఇప్పుడు చూస్తే ముక్కు మొదట్లో ఈకలు ఊడి ఉన్నాయి. నోరు తెరిచి ఉంది. మోహన్ డాన్స్ అన్నది డాన్స్ కాదు.

"ఎవరో ఇంకో నల్లంచి వచ్చి దాని గోడ మీద కూర్చున్నాదనుకుంటా ఉండాది" అంది. "పిల్లలుండే చోటికి వచ్చినాదని కొట్లాడతా ఉండాది. అది పోదు. ఎంత కొట్టినా పోదు. మనమే పెట్టినాము కదా."

దొడ్డిలోంచి టక్ టక్ మని వినిపిస్తూనే ఉంది.

సాయిశ్రీ వెళ్ళి అద్దం తీసేసింది. భోజనానికి వచ్చిన పెదనాన్న బండి అద్దాలకు పెద్దమ్మ రెండు గుడ్డ సంచులు తొడిగి దారం కట్టింది. మధ్యాహ్నం అన్నం తిని బయటికి వచ్చిన పెదనాన్న వాటిని చూసి, "ఏంది, నా బండికి జలుబు చేసినాదా?" అన్నాడు. సంగతి విని, "అంగడికి పోయేటప్పుడు తీసుకుంటాలే. ఇంటికి రాగానే నేనే తొడుగుతా" అని ఒప్పుకున్నాడు.

కానీ నల్లంచి కొట్లాట మానలేదు. అద్దం ఉన్న చోటుకే వచ్చి వాలింది. రాయి వెనక్కి తొంగిచూసింది. గోడ ఈ చివరనుంచి ఆ చివరికి గెంతుతూ శత్రువు కోసం వెతికింది. సాయంత్రం దాకా దాని ముక్కున ఒక్క పురుగూ కనిపించలేదు. మట్టి రంగు పిట్ట ఒక్కతే తిరిగి తిరిగి మేత తెచ్చింది. చీకటి పడేటప్పుడు సందులోంచి వచ్చే అరుపులు పొద్దుటి కంటే సన్నగా ఉన్నట్టు అనిపించింది.

సాయిశ్రీ ఆ రాత్రి సరిగ్గా తినలేదు.

"రేపు మధ్యాహ్నం బస్సుకు నువ్వు పోతావు కదా" అన్నాడు మోహన్. "ఆ ఫోటో మా నాయనకు ఇచ్చెయ్. ముఖం బ్రహ్మాండంగా ఉండాది."

"అది ఇయ్యను. కొట్టుకునే ముఖం అది. రేపు పొద్దున అద్దం లేకుండా మంచిది తీస్తా."

"అద్దం లేకపోతే నీకు తోకే వస్తాది."

"వస్తే రానీ. నువ్వు గమ్మునుండు."

తెల్లవారగానే సాయిశ్రీ కెమెరా పట్టుకుని దొడ్డి మెట్ల మీద కూర్చుంది. మోహన్‌ను రావద్దని చెప్పింది. మట్టి రంగు పిట్ట వచ్చి వెళ్ళింది. సందులో ఇంకా అరుపులున్నాయి. ఆ చప్పుడు వింటే ఆమెకు ఊపిరి వచ్చినట్టయింది.

తర్వాత గోడ మీద నల్లంచి వాలింది.

అది అద్దం ఉన్న చోటు వైపు ఒకసారి చూసింది. అక్కడికి పోలేదు. దాని ముక్కున లావుపాటి మిడత ఉంది.

లేత ఎండ సరిగ్గా దాని మీద పడింది. నలుపులో నీలం మెరిసింది. అది తల తిప్పి సాయిశ్రీని నేరుగా చూసింది. ముక్కు, కన్ను, మిడత, తెల్లమచ్చ, అన్నీ ఎదురుగా ఉన్నాయి. ఇంత మంచి ముఖం ఇన్ని రోజుల్లో ఒక్కసారీ దొరకలేదు. సాయిశ్రీ కెమెరా ఆన్ చేసింది.

జుయ్.

నల్లంచి ఉలిక్కిపడింది. పోలేదు. అలాగని సందులోకీ దిగలేదు. తోక టపటపా కొట్టుకుంటూ ఆమెనే చూస్తోంది. కింద సందులో పిల్లలు అరుస్తున్నాయి. అది ఒక గెంతు ముందుకు వేసి, ఆమెను చూసి, మళ్ళీ వెనక్కి గెంతింది.

సాయిశ్రీ వేలు బటన్ మీదే ఉంది. నొక్కితే అయిపోతుంది.

నొక్కితే మళ్ళీ ఎగిరిపోతుందేమో. మిడత పడిపోతుందేమో. నిన్న దాని దారికి అడ్డంగా అద్దం ఉంది. ఇవాళ ఎవరున్నారు?

ఆమె కెమెరాను ఒళ్ళోకి దించుకుంది. లేవకుండా, కూర్చునే మెల్లగా మెట్టు మీద వెనక్కి జరుగుతూ జరుగుతూ గడప దాటింది. చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి దానికి చెవి ఆనించింది.

బయట పిల్లల అరుపులు ఒక్కసారిగా పెరిగాయి. అన్నీ కలిసి గొంతు చించుకుంటున్నాయి. తర్వాత తగ్గిపోయాయి.

మోహన్ కళ్ళు నులుముకుంటూ వచ్చాడు. "ఫోటో తీసినావా?"

"లేదు."

"చెప్పినానా. ఎగిరిపొయినాదా?"

"లోపలికి పొయినాది. మిడతతో."

మోహన్ చూద్దామని తలుపు గడియ మీద చెయ్యి వేశాడు. సాయిశ్రీ ఆ చేతిని పట్టుకుని పక్కకు తీసింది.

"ఉండన్నా. ఇంకోటి తేవడానికి పోతాది. పోయి రానీ."